పాస్టర్ లేని మందిరం

మా మందిరానికి పాస్టర్ గారు లేరండి. ఉన్నాయన బదిలీ అయిపోయి ఖాళీ పడిందని కాదు, మొదట్నించీ లేరు, మా తాతయ్య పుట్టక ముందు నించీ లేరు. ఆఫీసులో కొత్తగా పరిచయమైన క్రైస్తవులు ఎవరైనా "మీ పాస్టర్ గారి పేరేంటండీ" అని అడుగుతారు, మాకు ఉండరండి అంటే అయ్యో పాపం అన్నట్టు చూస్తారు. మరి వాక్యం ఎవరు చెప్తారు, బల్ల (ప్రభువు పేరున పంచుకునే రొట్టె, ద్రాక్షరసం) ఎవరిస్తారు, పెళ్ళిళ్ళెవరు చేస్తారు అని వరసపెట్టి అడుగుతారు, నేను చెప్పడం మొదలెట్టేసరికి లంచ్ టైం అయిపోతుంది. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేద్దాం అనుకున్నా.

మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు, వశిష్ఠ గోదావరి పక్కన. మేం బ్రదరన్ వాళ్ళం. లూథరన్ అంటే అందరికీ తెలుసు, ఆర్సీఎం అంటే రోమన్ కేథలిక్కులని తెలుసు, పెంతెకొస్తు అంటే చెప్పక్కర్లేదు, బ్రదరన్ అంటే మాత్రం మా వైపు దాటితే చాలామందికి తెలీదు. తెలియకపోవడానికి ఒక కారణం ఉంది, మాకు బిషప్పులు లేరు, పెద్ద కేథడ్రల్ లేదు, పేపర్లో ఫోటో వేయించుకునే హోదా ఎవరికీ లేదు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే.

ఇది ఎలా మొదలైందో మా సండే స్కూల్లో చెప్పేవాళ్ళు, తర్వాత నేను కొంచెం చదువుకున్నాను కూడా. 1836లో ఇంగ్లండులో డెవన్ ప్రాంతం, బార్న్‌స్టేపుల్ అనే ఊర్నించి విలియం బౌడెన్, జార్జి బీర్ అని ఇద్దరు భార్యల్ని తీసుకుని ఓడెక్కి వచ్చారు. వాళ్ళని రమ్మని తీసుకొచ్చినాయన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఆయన అసలు పళ్ళ డాక్టరు, చక్కగా డబ్బులొచ్చే ప్రాక్టీసు వదిలేసి ముందు బాగ్దాద్ వెళ్ళాడు, అక్కడ ప్లేగులో భార్య పోయింది, అయినా వెనక్కి పోకుండా మన దేశం వచ్చాడు. ఆ బౌడెన్ గారూ బీర్ గారూ కొన్నాళ్ళు మచిలీపట్నంలో ఉండి తర్వాత నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు, గోదావరి డెల్టా మిషన్ అని పేరొచ్చింది. వాళ్ళ వెనకాల నెలనెలా జీతం పంపే సొసైటీ ఏదీ లేదు. దేవుడి పని చెయ్యడానికి ఎవరూ చెయ్యి పెట్టి నియమించక్కర్లేదు, విశ్వాసులందరూ యాజకులే, రొట్టె విరవడానికి ప్రత్యేకంగా ఒక ఫాదరో పాస్టరో అక్కర్లేదు అన్నది వాళ్ళ నమ్మకం. వాళ్ళ దేశంలో అది చర్చి పెద్దలకి గిట్టని మాట. ఇక్కడికొచ్చేసరికి అదే మాట వేరేలా పనిచేసింది, ఎందుకంటే ఇక్కడ ఆ మాట విన్నవాళ్ళలో ఎక్కువమంది మాలపేటల్లో వాళ్ళు.

తర్వాత కొన్నేళ్ళకి ధవళేశ్వరం ఆనకట్ట పని వచ్చింది, 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశారు. ఆ పనికి వేలమంది కూలీలు పోగయ్యారు, అక్కడే మన వాళ్ళు చాలామంది సువార్త విన్నారు అని మా పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. కాటన్ దొర గారికి డెల్టా అంతా విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే, నేనేం కాదనను. కానీ ఆ మట్టి మోసిన వాళ్ళు ఎవరు, సాయంత్రం పని దిగి ఏం విన్నారు, ఏం ఆలోచించుకుని పేటలకి తిరిగొచ్చారు అన్నది నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఒక పేజీ కూడా కనపడలేదు. మా బాప్తిస్మాలు ఆ కాలవల్లోనే జరుగుతాయి. ఎండాకాలం కాలవలు కట్టేస్తే అడుగున బురదే కాబట్టి, నీళ్ళు వదిలేదాకా ఆగుతారు. నీళ్ళొచ్చిన మొదటివారం ఎర్రగా బురదనీళ్ళు, మా పెద్దమ్మ "కాస్త తేరనివ్వండర్రా" అనేది, కుర్రాళ్ళు ఆగేవాళ్ళు కాదు.

"దొరలు తెచ్చిన మతం" అని ఎవరైనా తీసిపారేస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది. దొరలు తెచ్చారు, నిజమే. దొరలు వెళ్ళిపోయి కూడా ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడున్నది మా వాళ్ళు కట్టుకున్నది. ఇటుక దగ్గర్నించి లెక్కల పుస్తకం దాకా వాళ్ళదే.

ఆదివారం కూడిక గురించి చెప్తాను, చూడనివాళ్ళకి అది చెప్తేనే మిగతాది అర్థమవుతుంది. లోపల స్టేజీ ఉండదు. మధ్యలో ఒక బల్ల, దాని మీద ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, ఒక రొట్టె, ఒక గిన్నె ద్రాక్షరసం, అంతే. బల్లకి ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, చాపల మీద. బాప్తిస్మం అవ్వనివాళ్ళూ పిల్లలూ వెనకాల. టైం అవుతుంది, ఎవరూ "ప్రారంభిద్దాం" అనరు. అందరూ నిశ్శబ్దంగా కూర్చుంటారు. కాసేపటికి ఒకాయన లేచి కీర్తన నంబరు చెప్తాడు, ఆయనే ఎత్తుకుంటాడు, వాయిద్యాలేం లేవు, గొంతులే. అయ్యాక మళ్ళీ నిశ్శబ్దం. ఇంకొకాయన లేచి ప్రార్థన చేస్తాడు. ఇంకొకాయన ఒక భాగం చదివి రెండు మాటలు చెప్పి కూర్చుంటాడు. ఎవరు లేవాలో ముందు అనుకోరు, లిస్టు ఉండదు. చివర్లో ఒకాయన లేచి రొట్టె కోసం కృతజ్ఞత చెప్పి విరిచి పక్కాయనకి ఇస్తాడు, అలా చేతులు మారుతూ తిరుగుతుంది. ఈ వారం రొట్టె విరిచినాయన సోమవారం పొద్దున్న బోదెలో పూడిక తీస్తూ కనిపిస్తాడు.

మా తాతయ్య పెద్దపాలేరు. కామందు గారి వాకిట్లోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, అరుగు కింద నిలబడాలి. అడిగితేనే మాట, అదీ "ఆయ్" "చిత్తం" తప్ప పెద్దగా ఏమీ ఉండేది కాదు. చదువు లేదు. అక్షరాలు పెద్దయ్యాక మందిరంలోనే బైబిలు పెట్టుకుని కూడబలుక్కుని నేర్చుకున్నాడు, ఆయనకి న్యూస్‌పేపరు చదవడం కష్టంగా ఉండేది గానీ యోహాను సువార్త గడగడా చదివేవాడు, ఎందుకంటే సగం నోటికొచ్చు. అలాంటి మనిషి ఆదివారం లేచి నిలబడితే పేట మొత్తం తలవంచుకుని వినేది. మధ్యలో ఎవరూ ఆపరు. నువ్వు కూర్చో అనరు. పది నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఏ కాగితం చూడకుండా, ఎక్కడ మొదలెట్టాడో అక్కడికే తీసుకొచ్చి ముగించేవాడు. నేను తర్వాత కాలేజీలో, ఆఫీసులో ఎంతోమంది ఉపన్యాసాలు విన్నాను, అంత శుభ్రంగా మాట్లాడినవాళ్ళు తక్కువ.

వారానికి ఒకరోజు, జీవితాంతం. ఇది మనిషిని మార్చకుండా ఎలా ఉంటుంది?

ఊడ్పుల కూలి గురించి ఒక ఏడాది పెద్ద గొడవైంది, నేను చిన్నపిల్లని, సగం గుర్తు, సగం వాళ్ళూ వీళ్ళూ చెప్పింది. చుట్టుపక్కల ఊళ్ళలో కూలి పెంచారు, మా ఊళ్ళో పెంచలేదు. నారు ముదిరిపోతోంది, ఆడవాళ్ళు చేలోకి దిగం అన్నారు, మూడోనాడు రావిచెట్టు దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. పేట తరఫున మాట్లాడ్డానికి వెళ్ళినవాళ్ళందరూ మా మందిరంలో ఆదివారం లేచి నిలబడేవాళ్ళే. ఎవరూ అలా ఎంచలేదు, పేట మొత్తంలో పదిమంది ఎదురుగా నోరు తడబడకుండా మాట్లాడ్డం అలవాటున్నవాళ్ళు వాళ్ళు కాబట్టి అలా జరిగింది. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు ఆగారట, ఆయన అయ్యాక ఈయన. అవతల వైపు అందరూ ఒకేసారి అరుస్తున్నారట. మా తాతయ్య గొంతు పెంచకుండా పక్క ఊరి కూలి ఎంత, మన ఊరి కూలి ఎంత, బియ్యం ధర ఎంత అని వరసగా చెప్పుకొచ్చి, "మేం అడిగేది అన్యాయమైతే చెప్పండయ్యా" అన్నాడట. కూలి అడిగినంత కాకపోయినా పెరిగింది.

ఇక్కడ ఒకటి ఉన్నదున్నట్టు చెప్పాలి. మందిరంలో కూలి పోరాటం గురించి ఎవరూ బోధించలేదు, అసలు అలాంటివి మాట్లాడకూడదు. అక్కడ చెప్పేదంతా ఓర్చుకోండి, పరలోకంలో మీకు ఫలం ఉంది అనే. యూనియన్ వాళ్ళు పేటకొస్తే కొంతమంది పెద్దలు లోకసంబంధమైన వాటితో మనకెందుకు అన్నారు కూడా. కానీ మాట బైబిల్ది, నిలబడ్డ కాళ్ళు మనిషివి కదా. బోధలో ఉన్నది ఒకటి, లేచి నిలబడి మాట్లాడే అలవాటు నేర్పింది ఇంకొకటి. ఉద్యమాల చరిత్ర రాసేవాళ్ళు జెండాలూ నాయకులూ ఉన్నచోటే వెతుకుతారు, ఇలాంటి చోట వెతకరు, అందుకే ఇది ఎవరి కంటా పడలేదు అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఇది రాయకపోతే నేను ఈ పోస్టే రాయకూడదు.

మా మామ్మ నెత్తిన ముసుగు లేకుండా మందిరంలో అడుగుపెట్టేది కాదు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని పౌలు గారు కొరింథీ వాళ్ళకి రాసిన మాట మా దగ్గర అక్షరాలా పాటిస్తారు. ఆడవాళ్ళు అందరితో కలిసి పాడొచ్చు, లేచి ప్రార్థన చెయ్యకూడదు, వాక్యం చెప్పకూడదు, కీర్తన నంబరు కూడా చెప్పకూడదు. మామ్మకి తాతయ్య కన్నా ఎక్కువ కీర్తనలొచ్చు, రాగాలు తప్పుపోతే ఆవిడే సరిచేసేది, అదీ గొంతు కొంచెం పైకెత్తి పాడి, అంతే, నోటితో చెప్పేది కాదు. ఆదివారం పొద్దున్న పొయ్యి దగ్గర చద్దన్నం పెడుతూ తాతయ్యతో "ఇవాళ ఫలానా కీర్తన ఇయ్యి" అనేది. ఆయన అక్కడికెళ్ళి, నిశ్శబ్దంలో లేచి, అదే నంబరు చెప్పేవాడు. ఎప్పుడైనా మర్చిపోయి వేరేది ఇస్తే మధ్యాహ్నం దాకా ఆవిడ మాట్లాడేది కాదు. చుట్టుపక్కల చావు జరిగిన వారం ఏ పాట పాడాలో, పంట మునిగిన ఏడాది ఏది పాడాలో, ఎవరింట్లో కూతురు అలిగి పుట్టింటికొచ్చేస్తే ఆ వారం ఏది పాడకూడదో ఆవిడకే తెలుసు. మందిరంలో అందరికీ తెలుసండి, ఆ కీర్తనలు మామ్మ ఎంచినవని. అయినా లేచేది తాతయ్యే.

అందుకని ఆడవాళ్ళకి గురువారం ఉంది. మధ్యాహ్నం ఎవరో ఒకరి అరుగు మీద స్త్రీల కూడిక. నర్సాపురం వైపు ఆడవాళ్ళంటే లేసు అల్లిక ఉండాల్సిందే, అదీ మిషనరీ దొరసానుల దగ్గర నేర్చుకున్నదే, కాబట్టి ఒళ్ళో దారం ఉండ, చేతిలో సూది, పని ఆగదు. ప్రార్థన టైంలో మాత్రం చేతులు ఆగుతాయి. అక్కడ ఒక్కొక్కరూ మాట్లాడతారు, ఏడుస్తారు, మొగుళ్ళ తాగుడు గురించి చెప్తారు, లేసు ఏజెంటు ఈసారి డజనుకి ఎంత కోశాడో చెప్తారు. ఆదివారం మాటల్లో పాపం, రక్షణ, మహిమ ఉండేవి, గురువారం మాటల్లో అప్పులు ఉండేవి, గర్భాలు ఉండేవి. నా దృష్టిలో సంఘం అంటే గురువారం అరుగే. మా అమ్మ పదిమందిలో మాట్లాడ్డం నేర్చుకుంది అక్కడే.

మా అమ్మ కువైట్ వెళ్ళింది, మా వైపు నించి ఎంతోమంది ఆడవాళ్ళు వెళ్ళినట్టే ఇంటిపనికి. మా సంఘాల్లో ఒక పద్ధతుంది, ఎవరైనా వేరే ఊరు వెళ్తుంటే సంఘపెద్దలు సిఫారసు పత్రిక రాసిస్తారు. తెల్లకాగితం మీద, ఫలానా సహోదరి మా సహవాసంలో ఉన్నారు, మంచి సాక్ష్యం కలిగి ఉన్నారు, ప్రభువునందు చేర్చుకోండి అని, కింద ఇద్దరు పెద్దల సంతకాలు. ఒకాయన సంతకం కంటే వేలిముద్రకి దగ్గరగా ఉంటుంది. ఆ కాగితం అమ్మ పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుని వెళ్ళింది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి తెలుగువాళ్ళ కూడికలు శుక్రవారం జరుగుతాయి. ఆ ఇంటివాళ్ళు మొదట బయటికే పంపలేదు, చాన్నాళ్ళకి వదిలారు. వెళ్ళి ఆ కాగితం చూపించింది. అక్కడున్నవాళ్ళలో ఒకరు రాజోలు, ఒకరు పాలకొల్లు, ఒకరు మలికిపురం. నర్సాపురం దగ్గర పల్లె నించి వచ్చిన పనిమనిషిని పేరు పెట్టి "సిస్టర్ గారూ" అని పిలిచి పక్కన చోటిచ్చారు. తర్వాత ఆ ఇంట్లో జీతం ఆపేస్తే వాళ్ళే నలుగురు వెళ్ళి మాట్లాడి ఇప్పించారు. కాన్సులేట్లూ ఏజెంట్లూ చెయ్యాల్సిన పనికి ఒక పల్లెటూరి పెద్దలు రాసిన చేతిరాత కాగితం దారి చూపించింది, అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు నిండుతాయి.

అన్నీ మంచివే చెప్తే అబద్ధం అవుతుంది. మా ఊళ్ళో మాలపేట మందిరం వేరు, మాదిగపేట మందిరం వేరు. ఒకే రొట్టె, ఒకే శరీరం అని ప్రతివారం చెప్పుకుంటాం. పెళ్ళి సంబంధం అనేసరికి ఆ మాట నోట్లోనే ఉండిపోతుంది. పెద్దల మధ్య పంతాలొచ్చి సంఘం రెండుగా చీలిన ఊళ్ళూ ఉన్నాయి, ఎవరూ పైవాడు లేకపోవడం వల్ల తీర్పు చెప్పేవాళ్ళూ ఉండరు.

ఇక సర్టిఫికెట్ బాధ. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువు కానివాళ్ళు ఎస్సీ కారు అని. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు, క్రైస్తవుల్ని, ముస్లింల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళు బీసీ-సీ, దానికున్న రిజర్వేషను ఒక్క శాతం. కాబట్టి పేటలో చాలామందికి కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం. స్కూల్లో చేర్చేటప్పుడు మాస్టారు అడిగితే ఏం రాయించాలో తెలీక నిలబడిపోయిన తండ్రులు ఎంతమందో. మందిరంలో సత్యమే మాట్లాడాలి అని నేర్పించి, బయట గవర్నమెంటే మమ్మల్ని దాక్కోమంటుంది. మతం మారితే పేట మారుతుందా, చెరువు దగ్గర చూపు మారుతుందా? ఈ సంగతి పరిశీలించమని 2022లో కేంద్రం మాజీ చీఫ్ జస్టిస్ బాలకృష్ణన్ గారి కమిషన్ వేసింది, 2023 మార్చిలో మన అసెంబ్లీ కూడా దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. పేటలో మాత్రం పిల్లల ఫారాలు నింపేటప్పుడు ఇప్పటికీ అదే తడబాటు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే మా మందిరంలో పాస్టర్ని తెచ్చుకుందాం అన్న మాట వచ్చింది. మగవాళ్ళు హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉన్నారు, ఉన్న పెద్దలు ముసలివాళ్ళయిపోయారు, ఆదివారం నిశ్శబ్దాలు మరీ ఎక్కువైపోయాయి. కుర్రాళ్ళు రోడ్డు మీద కొత్తగా కట్టిన పెద్ద ప్రార్థనా మందిరానికి పోతున్నారు, అక్కడ కీబోర్డు, డ్రమ్స్, యూట్యూబ్ లైవ్ ఉన్నాయి. వాళ్ళని తప్పుపట్టను, ఆ వయసులో పాట కావాలి. జీతమిచ్చి ఒకాయన్ని పెట్టుకుంటే అన్నీ ఆయనే చూసుకుంటాడు అంటున్నారు. నేను వద్దంటున్నాను. అన్నీ చూసుకునే ఒక మనిషి వస్తే, మా తాతయ్య లాంటివాళ్ళు ఇంక లేవరు. అందరూ ఆయన వైపు తిరిగి కూర్చుంటారు. పేటలో ఒకరికి మైకు వస్తుంది, మిగతా అందరికీ ఆమెన్ మిగులుతుంది.

మగవాళ్ళు లేరు కాబట్టి లేచేవాళ్ళు లేరు అంటున్నారు, మరి బల్లకి ఇవతల వైపు నిండుగా ఉన్న ఆడవాళ్ళ సంగతేంటి? కీర్తన నంబరు చెప్పనివ్వండి. ముందు అదొక్కటే అడుగుతున్నాం. గురువారం కూడికలో ఈ మాట ఎత్తాను, కొందరు భయపడ్డారు, వాక్యానికి విరుద్ధం కదమ్మా అన్నారు, మా అమ్మ మాత్రం "అడుగుదాం, అడిగితే ఏమవుద్ది" అంది. పెద్దాయన ఒకరి దగ్గరికి వెళ్ళి చెప్పాం. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి, నోటితో అడిగితే మర్చిపోతారమ్మా, కాగితం మీద రాసి ఇవ్వండి, పెద్దల కూడికలో చదివిస్తాను అన్నారు. ఈ గురువారం అందరం కూర్చుని రాస్తున్నాం, సంతకం రానివాళ్ళకి లేసు డబ్బుల పుస్తకం దగ్గరుండే ఇంకుప్యాడ్ తెమ్మని చెప్పాను.